స్వేచ్ఛ గురించి మాట్లాడుకున్న ఆదివారాలు

రెండోసారి ప్రమోషన్ వద్దని రాసిచ్చిన రోజు సాయంత్రం నేను తిన్నగా ఇంటికి వెళ్ళలేదు.

మాది రామచంద్రపురం. అక్కడే ఒక బ్యాంకులో క్లర్కుని. మా ఉద్యోగాల్లో క్లర్కు ఆఫీసరు కావాలంటే ఊరు మారాలి. ఏ ఊరు వేస్తారో ముందు తెలియదు. అందుకని ఆడవాళ్ళం చాలామందిమి పరీక్ష పాసయ్యాక కూడా వద్దని రాసిచ్చేస్తాం. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నేనే రాశాను. మేనేజరుగారు కాగితం తీసుకుని, "మంచి పని చేశారమ్మా, పాప చదువు ముఖ్యం కదా" అన్నారు. నాతోపాటు పాసైన ఇంకో క్లర్కుకి మాత్రం స్టాఫంతా కలిసి స్వీట్లు తినిపించారు. ఆయనకీ చదువుకునే పిల్లలున్నారు.

ఆ స్వీటు నేనూ తిన్నాను. తిని, బయటికొచ్చి, కూరల మార్కెట్టు వైపు వెళ్ళాల్సినదాన్ని లైబ్రరీ వైపు నడిచాను. అక్కడైతే ఎవరూ పలకరించరు. ఏదో ఒకటి చేతిలో ఉండాలి కాబట్టి బీరువాలో అన్నిటికంటే లావుగా కనిపించిన పుస్తకం తీశాను. ఎప్పటిదో పరాయి దేశపు నవల, తెలుగు అనువాదం. అట్ట ఊడిపోయి ఉంది. నిలబడే పది పేజీలు చదివాను. అందులో ఒక మనిషికి తిండికీ బట్టకీ లోటు లేదు, అయినా ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. ఇది నా బతుకేనా అని ఒకసారి, ఇతనికేం రోగమని ఒకసారి అనిపించింది. ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంట్లో కష్టమేమీ లేదు. అది ముందే చెప్పాలి. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. గట్టిగా మాట్లాడరు. టీ తానే పెట్టుకుంటారు. పాప అప్పుడు టెన్త్‌లో ఉంది. కష్టం లేకపోవడం వల్లనే నా గోల ఎవరికీ చెప్పుకోలేకపోయేదాన్ని. చెబితే "నీకేం తక్కువ?" అంటారు. నిజమే, ఏం తక్కువో నాకూ తెలియదు. రాత్రి గిన్నెలు సర్దుతుంటే, పొద్దున్న కౌంటర్లో కూర్చుంటే, ఏదో రైలు తప్పిపోతున్నట్టు గుండె దడదడలాడేది. డాక్టరుగారు థైరాయిడ్ పరీక్ష రాశారు. అది బాగానే ఉంది.

ఆ నవల తిరిగి ఇచ్చేటప్పుడు లైబ్రేరియన్ గారు అడిగారు, "మొత్తం చదివారాండీ?" అని. చదివానన్నాను. "ఇలాంటివి చదివేవాళ్ళు రాజమండ్రిలో ఆదివారం ఆదివారం కలుస్తారండి. ఫిలాసఫీ లెక్చరర్‌గా రిటైరైన ఆయనింట్లో. ఆడవాళ్ళు కూడా వస్తారట" అన్నారు. ఆ చివరి మాట కోసమే వెళ్ళాననుకుంటాను. వెళ్ళాక చూస్తే నేనొక్కదాన్నే ఆడదాన్ని.

దానవాయిపేటలో మేడ మీద గది. అయిదారుగురం చాప మీద కూర్చునేవాళ్ళం. మధ్యలో కుర్చీలో ఆ లెక్చరర్ గారు, మాకందరికీ మాస్టారు. పొడుగాటి మనిషి, తెల్ల లాల్చీ, గొంతులో ఏ కోశానా తొందర ఉండదు. ఆ ఏడాది ఆయన ఎంచుకున్న విషయం స్వేచ్ఛ. మనిషి స్వేచ్ఛ కోసం ఎక్కడెక్కడ వెతికాడో పాత సాహిత్యంలోంచీ తత్వశాస్త్రంలోంచీ తీసి చెప్పేవారు. ఒక వారం గ్రీకులు, ఒక వారం మన వేదాంతులు, ఒక వారం యూరప్ వాళ్ళు. మధ్యలో నవలలు.

నేను కోనసీమలో ఒక అర్చకుల ఇంట్లో పెరిగాను. మా ఇంట్లో ముక్తి అనే మాట ఉప్పు, పప్పు అన్నంత మామూలుగా వినబడేది. చిన్నప్పుడు మా అమ్మని అడిగాను, ముక్తి ఎప్పుడొస్తుందని. "చచ్చాక" అంది. మరి బతికుండగా ఏమొస్తుందంటే, "నీకైతే పెళ్ళొస్తుంది, పో, వెళ్ళి పూలు కోసుకురా" అంది. అలాంటి నాకు, బతికుండగానే దొరికే స్వేచ్ఛ గురించి ఒక పెద్దమనిషి రెండు గంటలు మాట్లాడుతుంటే ఒళ్ళు ఝల్లుమనేది.

నేర్చుకున్నదాన్ని బ్యాంకులో ప్రయోగించి చూసేదాన్ని. ఎదుటివాడి కోపం మన చేతిలో లేదు, మన మనసు మాత్రమే మన చేతిలో ఉంది అన్నారు గ్రీకులు. సర్వర్ పనిచేయక పంట రుణం ఆలస్యమైందని ఒక రైతు కౌంటర్ మీద గుద్ది అరిచినప్పుడు నేను కదలకుండా, మనసు నా చేతిలో ఉంది, మనసు నా చేతిలో ఉంది అనుకుంటూ కూర్చున్నాను. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు, నేను పట్టించుకోవడం లేదని. సాయంత్రానికి నాకు తలనొప్పి. కోరిక వదులుకోవడమే ముక్తి అన్న వారం నాకు పెద్ద అనుమానం వచ్చింది. ప్రమోషన్ మీద కోరిక రెండుసార్లు వదులుకున్నాను కదా, మరి నా ముక్తి ఏదీ? మనిషి తాను ఎంచుకున్నదే తాను అని చెప్పినవాళ్ళ వంతు వచ్చిన ఆదివారం నేను బస్సులో ద్వారపూడి దాటేదాకా ఏడ్చాను. ఎందుకో పక్క సీటావిడ అడిగింది. కంట్లో దుమ్ము పడిందన్నాను.

ఇంటికొచ్చాక మావారు నవ్వుతూ అడిగేవారు, "ఈ వారం స్వేచ్ఛ ఎంతదాకా వచ్చింది?" అని. వెటకారం కాదు. ఆయనకి ఏ సిలబస్ అయినా ఎంతదాకా వచ్చిందో తెలుసుకోవడం అలవాటు. కానీ ఆ మాటకి నాకు చిర్రెత్తుకొచ్చేది. అన్నం వడ్డించకుండా లోపలికి వెళ్ళిపోయిన రోజులున్నాయి.

మాస్టారి భార్యని మేమందరం పిన్నిగారనేవాళ్ళం. చిన్న మనిషి, కళ్ళద్దాలు, ఎప్పుడూ గంజి పెట్టిన నేత చీర. కాఫీలు తెచ్చి ఇచ్చి కాసేపు గుమ్మం దగ్గర నిలబడి వినేవారు. వింటున్నారో, గ్లాసుల కోసం చూస్తున్నారో తెలిసేది కాదు. "కూర్చోండి పిన్నిగారూ" అని నేను మొదట్లో అనేదాన్ని. "పొయ్యి మీద ఉందమ్మా" అనేవారు. ఏముందో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఆదివారం ఒక విదేశీ నవల చర్చకొచ్చింది. అందులో పెళ్ళైన ఒకావిడ ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. చాప మీదున్న వాళ్ళలో ఒక రిటైరైన రైల్వే ఆయన అది బాధ్యత లేకపోవడం అన్నారు. మాస్టారు ఆ మాటని ఇంకా పైకి తీసుకెళ్ళారు.

"గడప దాటడం చాలా తేలికమ్మా," అన్నారు నా వైపు చూస్తూ. "బంధం ఉన్నది లోపల. లోపల తెగనివాడు హిమాలయాలకి పోయినా బందీయే. లోపల తెగినవాడు వంటింట్లో ఉన్నా స్వేచ్ఛాజీవే."

ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం, "మాస్టారూ, లోపలి స్వేచ్ఛ చాలని చెప్పిన పెద్దవాళ్ళందరికీ ఎవరో ఒకరు వేళకి అన్నం వండిపెట్టారండి. ఆ వండినవాళ్ళని ఎవరైనా అడిగారా, మీకు ఏ స్వేచ్ఛ కావాలీ అని?" అన్నాను.

మాస్టారు కోప్పడలేదు. "మంచి ప్రశ్న. దీన్ని వచ్చేవారం తీసుకుందాం" అన్నారు. అప్పుడు చూశాను, పిన్నిగారు గుమ్మంలో ఉన్నారు. ఖాళీ గ్లాసులు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు.

వచ్చేవారం ఆ ప్రశ్న తీసుకోలేదు. ఆ తర్వాత ఒకటి రెండు వారాలకి, మేం వెళ్ళేసరికి కింద తలుపు మాస్టారే తీశారు. "మీ పిన్నిగారు ఊరెళ్ళారు" అన్నారు. ఆ పైవారమూ అదే మాట. మూడోసారి అందరూ వెళ్ళిపోయాక నన్ను ఆగమన్నారు. నేను మెట్ల మీద చెప్పులు వేసుకుంటున్నదాన్ని, విప్పేశాను.

"ఆవిడ పాలకొల్లులో గది తీసుకుని ఉంటోందమ్మా," అన్నారు. "ఒంటరిగా. పిల్లలకి ఫోన్ చేసి తానే చెప్పింది. వాళ్ళు నాకు ఫోన్ చేసి ఏం జరిగిందని అడుగుతున్నారు. ఏం జరిగిందో నాకేం తెలుసు? పొద్దున్న టిఫిన్ పెట్టి, ఏవండీ, నేను పాలకొల్లు వెళ్తున్నాను, అక్కడే ఉంటాను అంది. గుడికేమో అనుకున్నాను."

నేను పై మెట్టు మీదే కూర్చుండిపోయాను.

"నువ్వు వెళ్ళి తీసుకురామ్మా. ఆడదానివి, నీ మాట వింటుంది." మళ్ళీ ఆయనే అన్నారు, "ఈ వయసులో స్వేచ్ఛ ఏంటమ్మా?"

ఏడాదిగా ఆయన నోట ఆ మాట కొన్ని వందలసార్లు విన్నాను. ఒక్కసారి కూడా దానికి వయసుందని చెప్పలేదు. కోపం రావాల్సింది నాకు. కానీ ఆయన లాల్చీ గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నారు. అది చూసి సరేనన్నాను.

రావులపాలెంలో బస్సు మారి, సిద్ధాంతం వంతెన దాటి పాలకొల్లు వెళ్ళాను. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఇంటికి రండి పిన్నిగారూ అని ఒక మనసు అనేది. రాకండి అని ఇంకో మనసు. నేనన్న మాట వల్లే ఆవిడ కదిలిపోయారేమోనన్న భయం ఒక పక్క, అలా అయితే బాగుండునన్న గర్వం ఒక పక్క. మార్టేరు దగ్గర దిగిపోయి వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది కూడా.

గుడి వెనక సందులో మేడ మీద ఒకే గది. తలుపు తీసిన మనిషిని చూసి ముందు పోల్చుకోలేదు. పిన్నిగారు నైటీలో ఉన్నారు. రాజమండ్రిలో ఆవిడని చీరలో తప్ప ఎన్నడూ చూడలేదు. జుట్టు విరబోసుకుని ఆరబెట్టుకుంటున్నారు. మంచం, ఒక ప్లాస్టిక్ కుర్చీ, చిన్న గ్యాస్ పొయ్యి. మంచం మీద బోర్లా పెట్టిన డిటెక్టివ్ నవల.

"ఆయన పంపించారా?" అన్నారు.

"అవునండి."

"ఏమని?"

"తీసుకురమ్మన్నారు."

"తీసుకెళ్ళడానికి నేనేమైనా అరటిగెలనా?" అని నవ్వారు. ఆవిడ నవ్వగా వినడం అదే మొదలు. "కూర్చో. పొయ్యి మీద ఏమీ లేదు. భోజనానికి బయటికి వెళ్దాం."

నేను కూర్చున్నాను. "మాస్టారు మిమ్మల్ని ఏమైనా అన్నారా పిన్నిగారూ?"

"అయ్యో, ఆయనెప్పుడూ ఏమీ అనరమ్మా. అంత మంచి మనిషి ఉండడు." మంచం అంచున కూర్చుని జుట్టు చిక్కు తీసుకుంటూ చెప్పారు. "ఆయనతో ఉంటే ప్రతిదానికీ ఒక అర్థం ఉండాలి. వాన పడితే దానికో అర్థం. నేను కూరలో ఉప్పు మర్చిపోతే దానికో అర్థం. నాకు మోకాలు నొప్పంటే, దేహం గురించి చెబుతారు. అన్నీ మంచి మాటలే. వినీ వినీ అలసిపోయాను. కొన్నాళ్ళు అర్థం పర్థం లేకుండా కూర్చోవాలనిపించింది."

"మరి పాలకొల్లే ఎందుకండీ?"

"పెళ్ళికి ముందు ఒక ఏడాది ఇక్కడ ఆడపిల్లల బడిలో టీచరుగా చేశాను. నేనూ ఇంకో టీచరూ కలిసి గది తీసుకున్నాం. సాయంత్రాలు మార్కెట్టులో ఊరికే తిరిగేవాళ్ళం. పెళ్ళి కుదిరింది, మానేశాను. ఎవరూ మానమనలేదు. మానేయాలి కాబట్టి మానేశాను."

ఆ చివరి మాట దగ్గర మంచినీళ్ళు అడిగి తాగాను. తాగాక, బస్సులో నన్ను తినేసిన సంగతి బయటపెట్టాను. "ఆ రోజు నేను వంటవాళ్ళ గురించి అన్న మాట మీ మనసులో ఏమైనా..."

"అబ్బే. అప్పటికే ఈ గదికి అడ్వాన్సు ఇచ్చేశాను. నువ్వన్న మాట బాగుంది, అంతే. అంతా నీ మీద వేసుకోకు."

భోజనానికి వెళ్ళాం. ఆవిడ చీర కట్టుకోవడానికి పావుగంట పట్టింది, కుచ్చిళ్ళు కుదరలేదని రెండుసార్లు విప్పి కట్టారు. మెస్‌లో నాలుగో కూరగా గుత్తొంకాయ వేస్తే రెండోసారి అడిగి వేయించుకున్నారు. తర్వాత మార్కెట్టులో నడిచాం. ఏమీ కొనలేదు. కొబ్బరికాయల లారీలు, గాజుల కొట్లు, పిల్లల సైకిళ్ళు. ఆవిడ ప్రతి కొట్టు ముందూ ఆగి, చూసి, ముందుకి వెళ్ళేవారు. నాకు మాత్రం కాలు నిలవడం లేదు. ఈవిడ ఏం కనుక్కున్నారో నాకు చెప్పాలి, సాయంత్రం బస్సు వేళ లోపు చెప్పాలి అన్న ఆత్రం.

చివరికి అడిగేశాను. "పిన్నిగారూ, ఇప్పుడు మీకు హాయిగా ఉందా?"

ఆవిడ ఆలోచించారు. "పగలు హాయిగానే ఉంది. దీపాలు పెట్టే వేళకి భయమేస్తుంది. ఏడుపొస్తుంది. ఏడుస్తాను. ఎందుకని ఎవరూ అడగరు. అదీ బాగానే ఉంటుంది." కొంచెం దూరం నడిచాక, "నువ్వు హాయి కోసం వెతుకుతున్నావా? అయితే మీ ఇంట్లోనే ఉండు" అన్నారు.

బస్టాండులో నన్ను ఎక్కిస్తూ, కిటికీ దగ్గరికొచ్చి చెప్పారు. "ఆయన్ని రమ్మను. ఎవరు కాదన్నారు? కానీ ముందు ఫోన్ చేసి, అడిగి రమ్మను."

ఆ మాట మర్నాడు రాజమండ్రి వెళ్ళి యథాతథంగా చెప్పాను. మాస్టారికి మొహం ఎర్రబడింది. "నా భార్య దగ్గరికి నేను అడిగి వెళ్ళాలా?" అన్నారు. ఆయన లేచి పుస్తకాల బీరువా తెరిచారు. చాలాసేపు అలాగే నిలబడి, ఏదీ తీయకుండా మూసేశారు. నేను వెళ్ళొస్తానంటే తల ఊపారు. ఆ తర్వాత రెండు నెలలు ఆదివారం చర్చలు లేవు. ఆరోగ్యం బాగాలేదని అందరికీ మెసేజ్ పెట్టారు.

ఆ రెండు నెలలూ నాకు పిచ్చెక్కినట్టే ఉంది. ఆదివారం పొద్దున్న లేవగానే బస్సు టైమైపోతోందన్న కంగారు, వెంటనే వెళ్ళాల్సిన చోటు లేదన్న కంగారు. ఒక ఆదివారం రాజమండ్రి బస్సెక్కి, అక్కడ దిగాక ఏం చేయాలో తోచక కోరుకొండ బస్సెక్కేశాను. కొండ మెట్లన్నీ ఆగకుండా ఎక్కి, పైన రొప్పుతూ నిలబడ్డాను. కింద పచ్చటి చేలు, రోడ్డు మీద చీమల్లా లారీలు. స్వామి దర్శనం చేసుకున్నాను. ఏం కోరుకోవాలో తెలియలేదు. కోరికలు వదులుకోవడమా, కోరుకోవడమా అన్నదే తేలని మనిషి దేవుణ్ణి ఏం అడుగుతుంది? పూజారిగారు గోత్రం అడిగితే మా పుట్టింటి గోత్రం చెప్పి, నాలిక్కరుచుకుని మళ్ళీ మావారిది చెప్పాను. ఆయన రెండూ కలిపి చదివేశారు.

ఒకరోజు బ్యాంకులో ఉండగా మాస్టారి ఫోన్. బయటికొచ్చి ఎత్తాను.

"అమ్మాయ్, ఆవిడకి ఫోన్ చేద్దామనుకుంటున్నాను. ఏమనాలి?"

"వస్తున్నానని కాకుండా, రావచ్చా అని అడగండి మాస్టారూ."

"ఆ ముక్కకి నోరు తిరగడం లేదమ్మా," అన్నారు. గొంతులో నవ్వూ లేదు, కోపమూ లేదు. "ఇంగ్లీషులో అడిగితే?"

"తెలుగులోనే అడగండి."

అడిగారట. శనివారం రమ్మన్నారట ఆవిడ. తర్వాత ఆదివారం చర్చలు మళ్ళీ మొదలయ్యాయి. మొదటిరోజు ముగ్గురమే వచ్చాం. కాఫీ కలిపి, ఫ్లాస్కులో పోసి, మాస్టారే పైకి తెచ్చారు. కొంచెం చల్లారిపోయింది. ఎవరూ అడగకుండానే చెప్పారు.

"నేను వెళ్ళేసరికి చదువుకుంటోంది. ఈ పేజీ అయ్యేదాకా కూర్చోండి అంది. కూర్చున్నాను. పేజీ అయింది. ఇంకో పేజీ చదివింది. అలాగే కూర్చున్నాను."

"ఏం పుస్తకమండీ?" అన్నారు రైల్వే ఆయన.

"ఏదో హత్య కథ. అది పక్కన పెట్టాక కూడా హంతకుడెవరో నాకు చెప్పలేదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మనం స్వేచ్ఛ గురించి ఇన్నాళ్ళు మాట్లాడుకున్నాం. ఆ విషయం నాకు తెలుసనుకున్నాను. తెలియదు. ఈ వారం ఇంకేదైనా చదువుదాం."

పిన్నిగారు తిరిగి రాలేదు. ఇప్పటికీ పాలకొల్లులోనే ఉన్నారు. మాస్టారు నెలకి రెండు శనివారాలు వెళ్తారు, ముందు అడిగే వెళ్తారు. ఒక్కోసారి ఆవిడ ఈ వారం వద్దంటారట. ఆ వారం ఆయన మొహం చూడలేం. ఊళ్ళో కొందరు నవ్వుతారు, కొందరు జాలిపడతారు. ఆయన వేరే వంటావిడని పెట్టుకున్నారు, ఆవిడ వంట ఆయనకి నచ్చదు.

మా బ్యాంకులో మూడోసారి ప్రమోషన్ పిలుపు ఆ ఎండాకాలమే వచ్చింది. మావారు వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు.

"ఈసారి వద్దని రాయనండి," అన్నాను.

ఆయన ఇంకో పేపరు దిద్ది, అప్పుడు తలెత్తారు. "ఏ ఊరు వేస్తారో?"

"తెలీదు."

"నేనెప్పుడైనా వెళ్ళొద్దన్నానా?"

"అనలేదు."

"మరి?"

"వెళ్ళమని కూడా అనలేదు కదండీ."

"నువ్వు నన్ను అడగలేదు."

"మీరు ట్రైనింగుకి హైదరాబాద్ వెళ్ళినప్పుడు నన్నడిగారా?"

"చెప్పాను కదా."

"అదే. చెప్పారు."

పెన్ను మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. రెండు రోజులు ఇద్దరం పాప ద్వారా మాట్లాడుకున్నాం. నాన్నని పెరుగు కావాలేమో అడుగు, అమ్మకి సిలిండర్ వచ్చిందని చెప్పు. అప్పటికి ఇంటర్ ఫస్టియర్ రాసిన మా అమ్మాయికి ఓపిక నశించింది. కంచం ముందు కూర్చుని అంది, "అమ్మా, నువ్వు వెళ్తే నాకు కష్టమే. అబద్ధం చెప్పను. కానీ నీకోసమే ఉండిపోయానే అని రేపు నాతో మాత్రం అనకు."

అలాంటి మాట ఏ తత్వవేత్త దగ్గరా వినలేదని రాయాలని ఉంది గానీ, అప్పుడు నాకు తత్వవేత్తలెవరూ గుర్తుకు రాలేదు. ఒక్కసారి చెంప మీద కొట్టినట్టు అనిపించింది. ఆయన కూడా విన్నారు. అన్నం కలుపుకుంటూ, "బస్సులు ఏ టైముకున్నాయో చూద్దాంలే" అన్నారు. అదే ఆయన ఒప్పుకోలు.

జంగారెడ్డిగూడెం వేశారు. మా చేలూ కాలవలూ అయిపోయి ఎర్రమట్టి మొదలయ్యే చోటు. బస్టాండుకి దగ్గర్లో గది తీసుకున్నాను. ఇంటివాళ్ళు "ఒక్కరేనాండీ?" అని మూడుసార్లు అడిగారు. సామాను దింపి మావారూ పాపా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. తలుపు వేసుకున్నాను. ఎవరికీ వండక్కర్లేదు, ఎవరి టైమూ చూడక్కర్లేదు. ఎన్నేళ్ళుగా కోరుకుంటున్నానో ఈ ఖాళీ గదిని. మంచం మీద కూర్చున్నాను. లేచి కిటికీ తీశాను. మళ్ళీ కూర్చున్నాను. కూడా తెచ్చుకున్న పుస్తకం ఒక పేజీ చదివి మూసేశాను. ఆ దడ అలాగే ఉంది. రైలు తప్పిపోతున్న దడ. ఇంట్లో వదిలేసి వచ్చాననుకున్నాను, నాతోనే బస్సెక్కి వచ్చింది.

పుస్తకాల్లో వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోతారు, కథ అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత కొత్త ఊళ్ళో గ్యాస్ కనెక్షన్ కోసం ఎవరు తిరిగారో, మొదటి జ్వరానికి మాత్రలెవరు తెచ్చిచ్చారో ఎవరూ రాయరు. నేనే తిరిగాను. జ్వరానికి మాత్రలు కూడా నేనే వెళ్ళి తెచ్చుకున్నాను, గోడలు పట్టుకుంటూ. ఆఫీసరు పని రాక మొదటి నెలల్లో మేనేజరు ముందు తెల్లమొహం వేశాను. నేర్చుకున్నాను. ఒక ఆడవాళ్ళ గ్రూపుకి లోను నా సంతకం మీద వెళ్ళిన రోజు, ఆ కాగితం మీద నా పేరు చూసుకుని బాత్‌రూములోకి వెళ్ళి నవ్వుకున్నాను. అది నిజం. ఆ సాయంత్రం ఆ సంగతి చెప్పుకోవడానికి గదిలో ఎవరూ లేక గోడల్ని చూస్తూ తిన్నాను. అదీ నిజమే.

శనివారం మధ్యాహ్నమైతే ఎప్పుడు ఇంటికి వెళ్దామా అని ఉంటుంది. ఇంటికి వెళ్తే పోపుల డబ్బా ఎక్కడుందో నేనే అడగాల్సి వస్తోంది. వాళ్ళిద్దరూ వంటిల్లు తమకి వీలుగా సర్దుకున్నారు. ఆయన ముక్కల పులుసు పెట్టడం నేర్చుకున్నారు, బెల్లం ఎక్కువ వేస్తారు. నేను ఏమీ అనను. పాప నాతో ఇదివరకటికంటే ఎక్కువ మాట్లాడుతోంది, ఫోన్‌లో. ఎదురుగా ఉన్నప్పుడు తక్కువ. ఆదివారం సాయంత్రానికి మళ్ళీ నా గది గుర్తొస్తుంది, కిటికీ మూశానో లేదోనని.

పిన్నిగారికి ఒకసారి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఇక్కడున్నా కుదురు లేదు, అక్కడున్నా కుదురు లేదు, ఏంటండీ ఇది అన్నాను. "ముందు కూడా లేదు కదా?" అన్నారు. లేదన్నాను. "అయితే అది నీది. ఉంచుకో" అని, పాలు పొంగుతున్నాయని పెట్టేశారు.

పోయిన వారం మా పై ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఏడాది నిండినవాళ్ళు కావాలంటే సొంత ఊరి దగ్గరికి బదిలీ అడగవచ్చట. ఆ సాయంత్రం మావారితో ఫోన్‌లో చెప్పాను. ఈసారి ఆయన తొందరపడలేదు. అటువైపు టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఏమనుకుంటున్నావు? అర్జీ పెడతావా?" అని అడిగారు.

"ఇంకా ఏమీ అనుకోలేదండి," అన్నాను.

"సరే, అనుకున్నాక చెప్పు," అన్నారు.

ఫోన్ పెట్టేశాక చెప్పులు వేసుకుని బయటికొచ్చాను. బస్టాండు దాకా నడిచి, రాజమండ్రి బస్సు జనాన్ని ఎక్కించుకుని కదిలిపోవడం చూసి, మొక్కజొన్న పొత్తు ఒకటి కొనుక్కున్నాను. అది తింటూ, ఎటు వెళ్తుందో తెలియని ఒక కొత్త వీధిలోకి తిరిగాను.